కొత్త పవర్ ప్లాంట్ వస్తే గ్రిడ్ తట్టుకుంటుందా? ముందే ఎలా తేలుస్తారు? రూల్స్ ఏం చెబుతున్నాయి?

దేశంలో విద్యుత్ ఉత్పత్తి సామర్థ్యం 2025 సెప్టెంబర్ చివరికి 500 గిగావాట్లు దాటింది. అందులో సగానికి పైగా సోలార్, విండ్, జల, అణు విద్యుత్ కేంద్రాలదే. రాయలసీమ నుంచి రాజస్థాన్ దాకా ఏటా కొత్త ప్లాంట్లు వస్తూనే ఉన్నాయి.

కానీ ప్లాంట్ కట్టడం వేరు. దాన్ని గ్రిడ్‌కు కలపడం వేరు.

స్విచ్ వేసేముందు ప్రతి పెద్ద ప్లాంట్ ఒక పరీక్ష దాటాలి. ‘ఈ ప్లాంట్ వచ్చి చేరితే ఇప్పటికే ఉన్న లైన్లు, సబ్‌స్టేషన్లు, పక్క ప్లాంట్లు, చివరకు వినియోగదారులకు ఏమవుతుంది?’ అన్నదే ఆ పరీక్ష. ఇందులో చాలా భాగం కంప్యూటర్ మీదే జరుగుతుంది. అక్కడ పాసైన ప్లాంట్, సైట్‌లో నిలబెట్టిన ప్లాంట్ ఒకేలా పనిచేస్తేనే ఆ పరీక్షకు విలువ. తేడా వస్తే ఒక రాష్ట్రం మొత్తం చీకటైపోవచ్చు. 2016లో ఆస్ట్రేలియాలో దాదాపు అదే జరిగింది.

అసలు ఈ పరీక్ష ఏంటి? ఎవరు చేస్తారు? ఖర్చు ఎవరిది? తప్పు జరిగితే బాధ్యత ఎవరిది?

గ్రిడ్‌కు కొత్త ప్లాంట్‌తో ఇబ్బంది ఏంటి?

కరెంటు ఎక్కువ వస్తే మంచిదే కదా అనిపిస్తుంది. గ్రిడ్ లెక్క అలా ఉండదు.

గ్రిడ్‌లో ప్రతి క్షణం ఎంత వాడకం ఉందో అంతే ఉత్పత్తి ఉండాలి. ఆ సమతూకం ఎలా ఉందో ఫ్రీక్వెన్సీ చెబుతుంది. మన దేశంలో అది 50 హెర్ట్జ్. గ్రిడ్ కోడ్ ప్రకారం 49.90 నుంచి 50.05 మధ్యలో ఉండేలా చూసుకోవాలి. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది.

రెండోది వోల్టేజ్. ఫ్రీక్వెన్సీ దేశమంతా దాదాపు ఒకటే ఉంటుంది. వోల్టేజ్ మాత్రం ఏ ప్రాంతానికి ఆ ప్రాంతంలోనే అదుపులో ఉండాలి. ఒక మూల వోల్టేజ్ పెరిగిపోతే దాన్ని అక్కడే దించాలి. వందల కిలోమీటర్ల దూరంలోని ప్లాంట్ దానికి పెద్దగా సాయం చేయలేదు.

మూడోది లైన్ల కెపాసిటీ. సాగునీటి కాలువలాగే ప్రతి లైన్ మోయగలిగేదానికి హద్దు ఉంటుంది. పైనుంచి నీళ్లు ఎక్కువ వదిలితే గట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతుంది. గ్రిడ్‌లో కూడా కొత్త ప్లాంట్ వల్ల వచ్చే ఒత్తిడి ఆ ప్లాంట్ గేటు దగ్గరే కనిపించాలని లేదు. వంద కిలోమీటర్ల అవతల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద పడొచ్చు. పక్క రాష్ట్రం లైన్ మీద కూడా పడొచ్చు.

అందుకే ‘నా స్థలం, నా ప్లాంట్, నా ఇష్టం’ అంటే కుదరదు.

2012లో ఏం జరిగింది?

లైన్ల మీద భారం పెరిగితే ఏమవుతుందో మన దేశం 2012 జులైలో చూసింది. జులై 30 తెల్లవారుజామున ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. మరుసటి రోజు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ పడిపోయాయి. దాదాపు 60 కోట్ల మంది ఉండే ప్రాంతాల మీద దాని ప్రభావం పడింది. రైళ్లు ఆగిపోయాయి. గనుల్లో కార్మికులు చిక్కుకున్నారు.

అప్పటికే కొన్ని లైన్లు సర్వీసులో లేవు. మిగిలినవాటి మీద మోయలేనంత భారం పడింది. బీనా-గ్వాలియర్ 400 కేవీ లైన్ ట్రిప్ కావడంతో ఆ భారం వేరే లైన్ల మీదకు మళ్లింది. అవీ ఒకదాని తర్వాత ఒకటి ట్రిప్ అయ్యాయి.

ఆ రెండు రోజులూ తెలుగు ప్రాంతాల్లో గ్రిడ్ కూలలేదు. కారణం, అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-సోలాపూర్ 765 కేవీ లైన్‌తో ఆ కలయిక జరిగింది. అప్పటి నుంచి దేశమంతా ఒకే గ్రిడ్.

దీనివల్ల లాభం పెద్దది. రాజస్థాన్ సోలార్ కరెంటు విజయవాడకు రావచ్చు, కర్నూలు కరెంటు ఢిల్లీకి పోవచ్చు. కానీ దూరంగా ఉన్నాం కదా అని ఇక నిశ్చింతగా ఉండటానికి లేదు. ఎక్కడో ఒక పెద్ద ప్లాంట్ సముదాయం ఒక్కసారిగా ఆగిపోతే ఆ కుదుపు హైదరాబాద్‌లోని ఫ్రీక్వెన్సీ మీటర్‌లో కూడా తెలుస్తుంది.

సోలార్, విండ్ వచ్చాక పరీక్ష ఎందుకు కష్టమైంది?

థర్మల్, హైడల్ ప్లాంట్లలో టన్నుల బరువున్న రోటర్లు తిరుగుతుంటాయి. గ్రిడ్‌లో ఏదైనా లోపం వస్తే అవి వెంటనే ఆగిపోవు. బరువు వల్ల ఇంకాసేపు అదే వేగంతో తిరుగుతూ గ్రిడ్‌ను కొన్ని క్షణాలు నిలబెడతాయి. ఇది ఎవరూ నేర్పకుండానే యంత్రానికి ఉన్న గుణం. దాన్ని లెక్కగట్టడం ఇంజినీర్లకు దశాబ్దాలుగా అలవాటే.

సోలార్ ప్లాంట్లలో తిరిగే యంత్రం ఉండదు. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటును ఇన్వర్టర్ ఏసీగా మార్చి గ్రిడ్‌కు పంపుతుంది. ఇప్పటి విండ్ టర్బైన్లలో ఎక్కువ భాగం కూడా ఇలాంటి ఎలక్ట్రానిక్స్ ద్వారానే కలుస్తున్నాయి.

ఇన్వర్టర్ ఎప్పుడు ఏం చేయాలన్నది దాని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. వోల్టేజ్ ఒక్కసారిగా పడితే తట్టుకుని నిలబడాలా, తనను తాను కాపాడుకోవడానికి తప్పుకోవాలా? ఎన్ని మిల్లీ సెకన్లు ఆగాలి? ఇవన్నీ సెట్టింగ్‌లు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఇన్వర్టర్ కూడా రెండు సైట్లలో రెండు రకాలుగా స్పందించొచ్చు.

కాబట్టి ఇప్పుడు ప్లాంట్ ఎన్ని మెగావాట్లదో తెలిస్తే సరిపోదు. దాని సెట్టింగ్‌లు ఏంటో కూడా తెలియాలి.

పరీక్షలో ఏమేం చూస్తారు?

మొదటిది లోడ్ ఫ్లో స్టడీ. కొత్త ప్లాంట్ ఫుల్ కెపాసిటీతో నడిస్తే ఏ లైన్‌లో ఎంత కరెంటు పారుతుంది, ఎక్కడ వోల్టేజ్ ఎంత ఉంటుంది అని లెక్కేస్తారు. ఇక్కడే ‘ఎన్ మైనస్ వన్’ అనే నియమం వస్తుంది. అంటే ఉన్నవాటిలో ఒక లైన్ గానీ, ఒక ట్రాన్స్‌ఫార్మర్ గానీ హఠాత్తుగా పోయినా మిగతావి భారం మోయగలగాలి.

రెండోది షార్ట్ సర్క్యూట్ స్టడీ. లైన్ తెగినప్పుడో, పిడుగు పడినప్పుడో లోపం ఉన్న చోటుకు ఎంత కరెంటు దూసుకొస్తుంది? దాన్ని ఆపే శక్తి సబ్‌స్టేషన్‌లోని బ్రేకర్లకు ఉందా?

మూడోది డైనమిక్ స్టడీ. ఇది అన్నిటికన్నా సున్నితమైనది. లోపం వచ్చిన తర్వాత మొదటి కొన్ని సెకన్లలో ప్లాంట్ ఎలా ప్రవర్తిస్తుందో చూస్తారు. నిలబడుతుందా, తప్పుకుంటుందా, వోల్టేజ్‌ను ఊగిసలాడిస్తుందా అన్నది ఇక్కడే తేలాలి.

దీనికోసం ప్లాంట్ యజమాని తన ఇన్వర్టర్లు, టర్బైన్ల కంప్యూటర్ మోడల్ ఇవ్వాలి. ఆ మోడల్ తయారీ కంపెనీ నుంచి వస్తుంది. మోడల్ నిజాయితీగా ఉంటే స్టడీ కూడా నిజం చెబుతుంది. లేకపోతే ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ వాడినా వచ్చేది తప్పుడు లెక్కే.

కాగితం మీద పాస్, తుపానులో ఫెయిల్: సౌత్ ఆస్ట్రేలియా పాఠం

2016 సెప్టెంబర్ 28 మధ్యాహ్నం సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రంలో భారీ గాలివాన వచ్చింది. సుడిగాలులకు టవర్లు కూలి మూడు పెద్ద లైన్లు దెబ్బతిన్నాయి. దాదాపు రెండు నిమిషాల్లో ఆరుసార్లు వోల్టేజ్ పడి లేచింది.

ఆ రాష్ట్రంలోని చాలా విండ్ ఫార్మ్‌లలో ఒక రక్షణ సెట్టింగ్ ఉంది. నిర్ణీత సమయంలో ఇన్నిసార్లకు మించి వోల్టేజ్ పడితే టర్బైన్ ఉత్పత్తి తగ్గించుకోవడమో, ఆగిపోవడమో చేస్తుంది. ఆ హద్దు దాటడంతో తొమ్మిది విండ్ ఫార్మ్‌లలో 7 సెకన్ల లోపే 456 మెగావాట్ల ఉత్పత్తి పడిపోయింది.

ఆ లోటు మొత్తం పక్క రాష్ట్రం విక్టోరియా నుంచి వచ్చే హేవుడ్ లింక్ మీద పడింది. అది మోయలేక ట్రిప్ అయింది. సాయంత్రం 4 గంటల 18 నిమిషాలకు రాష్ట్రమంతా చీకటైంది. దాదాపు 8 లక్షల 50 వేల కనెక్షన్లకు కరెంటు పోయింది.

గాలి వీచే వేగం వల్ల ఈ ఉత్పత్తి పోలేదు. టర్బైన్లు చెడిపోలేదు కూడా. ఆ రక్షణ సెట్టింగ్ అంత తక్కువ హద్దులో ఉందన్న సంగతి గ్రిడ్ నడిపే సంస్థ ఏఈఎంఓకు ముందుగా తెలియదు. ఏ మోడల్‌లోనూ అది కనిపించలేదు. ఘటన తర్వాత చాలా ప్లాంట్లలో సెట్టింగ్ మార్చారు. కొత్త టర్బైన్లు కొనాల్సిన పని లేకపోయింది.

నియంత్రణ సంస్థ ఆ తర్వాత నాలుగు విండ్ ఫార్మ్ ఆపరేటర్ల మీద కోర్టుకు వెళ్లింది. జరిమానాలూ పడ్డాయి. నిబంధనలు కూడా మారాయి. కొత్త ప్లాంట్ వల్ల చుట్టుపక్కల గ్రిడ్ బలహీనపడుతుందో లేదో ముందే అంచనా వేయాలని, హాని ఉంటే దాన్ని సరిచేసే బాధ్యత ఆ ప్లాంట్‌దేనని 2017లో రూల్ తెచ్చారు. 2018లో సాంకేతిక ప్రమాణాలను ఇంకా కఠినం చేశారు.

అయినా సమస్య తీరిపోలేదు. విక్టోరియా వాయవ్య ప్రాంతం, దాన్ని ఆనుకుని ఉన్న న్యూ సౌత్ వేల్స్ ప్రాంతంలో వోల్టేజ్ ఊగిసలాడే ప్రమాదం ఉందని తేలడంతో, 2019 సెప్టెంబర్‌లో ఐదు సోలార్ ప్లాంట్ల ఉత్పత్తిని సగానికి తగ్గించారు. ఇన్వర్టర్ల సెట్టింగ్‌లు సరిచేసి, పరీక్షించి, 2020 ఏప్రిల్‌లో ఆంక్షలు ఎత్తేశారు. అప్పటిదాకా ఎండ ఉన్నా, ప్యానెళ్లు ఉన్నా అమ్ముకునే కరెంటు మాత్రం సగమే.

మన దేశంలో రూల్స్ ఏం చెబుతున్నాయి?

2003 విద్యుత్ చట్టం ఈ పనిని పలు సంస్థలకు పంచింది.

గ్రిడ్‌కు కలవాలంటే ప్లాంట్‌కు ఉండాల్సిన సాంకేతిక లక్షణాలను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) నిర్ణయిస్తుంది. 2007లో ఈ నిబంధనలు వచ్చాయి. విండ్, సోలార్ పెరిగేకొద్దీ 2013లో, 2019లో సవరించారు.

అంతర్రాష్ట్ర గ్రిడ్‌కు ఎవరిని, ఏ షరతులతో కలపాలన్నది కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి (సీఈఆర్‌సీ) చూస్తుంది. దరఖాస్తులు తీసుకుని స్టడీలు చేసేది సెంట్రల్ ట్రాన్స్‌మిషన్ యుటిలిటీ. రోజువారీ గ్రిడ్ నడిపేది గ్రిడ్ ఇండియా, దాని కింద ఉన్న ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్లు. తెలుగు రాష్ట్రాలు బెంగళూరులోని దక్షిణ ప్రాంత కేంద్రం పరిధిలోకి వస్తాయి.

ప్లాంట్ రాష్ట్ర గ్రిడ్‌కే కలిసేదైతే ఆ పని ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ట్రాన్స్‌కో, తెలంగాణలో ఆ రాష్ట్ర ట్రాన్స్‌కో చూస్తాయి. వాటి మీద ఆ రాష్ట్రాల ఈఆర్‌సీలు ఉంటాయి.

సీఈఏ నిబంధనల్లో ముఖ్యమైనది ‘తట్టుకుని నిలబడటం’. లోపం వల్ల వోల్టేజ్ మామూలు స్థాయిలో 15 శాతానికి పడిపోయినా, 0.3 సెకన్ల పాటు ప్లాంట్ గ్రిడ్‌ను వదిలిపోకూడదు. మొదట విండ్‌కు పెట్టిన ఈ నియమాన్ని తర్వాత సోలార్‌కూ వర్తింపజేశారు. వోల్టేజ్ హద్దు దాటి పెరిగినప్పుడు ఎంతసేపు నిలబడాలో కూడా 2019 సవరణ చెప్పింది.

దరఖాస్తు నుంచి స్విచ్ దాకా దారి ఎలా ఉంటుంది?

2022లో సీఈఆర్‌సీ ‘జనరల్ నెట్‌వర్క్ యాక్సెస్’ నిబంధనలు తెచ్చింది. పూర్తి స్థాయిలో 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

వీటి ప్రకారం కనెక్టివిటీ కోరే ప్లాంట్ దరఖాస్తు ఫీజుగా 5 లక్షల రూపాయలు కట్టాలి. స్టడీ చేసి, ఏ సబ్‌స్టేషన్‌లో చోటు ఉందో చూసి, ముందుగా సూత్రప్రాయ అనుమతి ఇస్తారు. బ్యాంక్ గ్యారంటీలు సమర్పించాక తుది అనుమతి వస్తుంది.

గ్యారంటీలు ఎందుకంటే, లైన్ వేశాక ప్లాంట్ రాకపోతే ఆ భారం చివరికి కరెంటు బిల్లు కట్టేవాళ్ల మీదే పడుతుంది. కాబట్టి నిజంగా కట్టేవాళ్లే క్యూలో నిలబడాలన్నది ఉద్దేశం.

ఈ అనుమతి వచ్చినంత మాత్రాన కరెంటు పంపొచ్చని కాదు. ప్లాంట్ సిద్ధమయ్యాక దాని మోడల్స్, సెట్టింగ్‌లు, పరీక్షల రిపోర్టులు, కమ్యూనికేషన్ వ్యవస్థ అన్నీ లోడ్ డిస్పాచ్ సెంటర్ చూస్తుంది. సరిగ్గా ఉన్నాయనుకుంటేనే మొదటిసారి గ్రిడ్‌కు కలపడానికి ఒప్పుకుంటుంది. ఆ తర్వాత ట్రయల్ రన్. అది దాటితేనే వాణిజ్య ఉత్పత్తి మొదలవుతుంది.

2023 గ్రిడ్ కోడ్ ఇంకో అడుగు వేసింది. ప్లాంట్లు ఐదేళ్లకోసారి, లేదా పెద్ద మార్పులు చేసినప్పుడు మళ్లీ పరీక్షలు చేయించుకోవాలి. చేరిన రోజున బాగుంటే చాలదు, తర్వాత కూడా అలాగే ఉందని చూపించాలన్న మాట.

మరి రాజస్థాన్‌లో ఏం జరిగింది?

రూల్స్ ఉన్నా రాజస్థాన్ సోలార్ సముదాయాల్లో 2022లో ఆందోళన కలిగించే ఘటనలు జరిగాయి. లైన్ ట్రిప్ కావడమో, వోల్టేజ్ ఒక్కసారిగా మారడమో జరిగినప్పుడు, వెయ్యి మెగావాట్లకు పైగా సోలార్, విండ్ ఉత్పత్తి ఒక్కసారిగా పడిపోయిన సందర్భాలు పలుమార్లు వచ్చాయి.

విశ్లేషణల్లో తేలిందేంటంటే, తట్టుకుని నిలబడాల్సిన ప్లాంట్లలో కొన్ని నిలబడలేదు. వోల్టేజ్‌ను అదుపు చేయడానికి ఇవ్వాల్సిన సాయం కొన్ని ఇవ్వలేదు. మోడల్‌లో కనిపించిన స్పందనకూ, సైట్‌లో రికార్డయిన స్పందనకూ పొంతన లేని సందర్భాలున్నాయి. ఆ తర్వాతే కొత్త ప్లాంట్లను కలిపేముందు మోడల్స్ పరిశీలన గట్టిపడింది.

ఒకే చోట పదుల ప్లాంట్లు గుమిగూడటం ఇక్కడ అసలు చిక్కు. ఒక్కో ప్లాంట్‌ను విడిగా పరీక్షిస్తే అన్నీ పాస్ కావచ్చు. అన్నీ ఒకే సబ్‌స్టేషన్ చుట్టూ చేరి, ఒకేసారి స్పందించినప్పుడు ఏమవుతుందన్నది వేరే ప్రశ్న.

వోల్టేజ్ అదుపు తప్పితే ఎంత దూరం పోతుందో 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చూశాయి. అధిక వోల్టేజ్ వల్ల ఒక ప్లాంట్ తర్వాత ఒకటి తప్పుకుంటూ సెకన్లలోనే రెండు దేశాల్లోనూ కరెంటు పోయింది. స్పెయిన్‌లో అప్పటిదాకా సోలార్, విండ్ ప్లాంట్లు ఒకే స్థిరమైన సెట్టింగ్‌లో నడిచేవి. వోల్టేజ్‌ను బట్టి స్పందించే పని సంప్రదాయ ప్లాంట్లదే. ఆ ఘటన తర్వాత సోలార్, విండ్ కూడా వోల్టేజ్ అదుపులో పాల్గొనేలా కొత్త నిబంధనకు అక్కడి నియంత్రణ సంస్థ ఆమోదం తెలిపింది. అంటే ప్లాంట్లు రూల్ తప్పకపోయినా, రూల్‌లోనే లోటు ఉండొచ్చు.

క్యూ పెరిగితే ఏమవుతుంది? అమెరికా అనుభవం

పరీక్ష కఠినమైతే ఇంకో సమస్య వస్తుంది. అదే ఆలస్యం.

అమెరికాలో 2003 నుంచి ‘ముందు వచ్చినవారికి ముందు’ పద్ధతిలో ఒక్కో దరఖాస్తును విడివిడిగా స్టడీ చేసేవారు. ఫీజు తక్కువ కావడంతో కంపెనీలు ఒకే ప్రాజెక్టుకు నాలుగైదు చోట్ల దరఖాస్తులు పెట్టేవి. ఎక్కడ ఖర్చు తక్కువ తేలితే అది ఉంచుకుని మిగతావి వెనక్కి తీసుకునేవి. ఒకరు తప్పుకుంటే వెనక ఉన్నవాళ్లందరి లెక్కలూ మళ్లీ మొదటికి.

2022 చివరికి అక్కడి క్యూలో 10 వేలకు పైగా ప్రాజెక్టులు, 2,000 గిగావాట్లకు పైగా సామర్థ్యం ఎదురుచూస్తోంది. అది అప్పటికి ఆ దేశంలో నడుస్తున్న మొత్తం ప్లాంట్ల సామర్థ్యం కన్నా ఎక్కువ.

దాంతో అక్కడి ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ 2023 జులైలో ‘ఆర్డర్ నంబర్ 2023’ తెచ్చింది. దరఖాస్తులను గుంపులుగా కలిపి ఒకేసారి స్టడీ చేయాలి. ముందు వచ్చినవారికి కాదు, ముందు సిద్ధమైనవారికి ప్రాధాన్యం. డిపాజిట్లు పెంచారు. స్థలం చేతిలో ఉందని చూపించాలి. మధ్యలో వదిలేస్తే పెనాల్టీ. స్టడీని గడువులోగా పూర్తి చేయకపోతే ట్రాన్స్‌మిషన్ సంస్థలకూ పెనాల్టీ వేస్తారు. సోలార్, విండ్ లాంటి ప్లాంట్లు కచ్చితమైన మోడల్స్ ఇవ్వాలని, లోపం వచ్చినప్పుడు నిలబడాలని కూడా అదే ఆర్డర్ చెప్పింది.

మన దేశంలో చిక్కు కాస్త వేరు. సోలార్ ప్లాంట్ ఏడాదిన్నర, రెండేళ్లలో లేచి నిలబడుతుంది. దాన్ని కలిపే పెద్ద లైన్, సబ్‌స్టేషన్‌కు అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. పైగా 2025 జూన్ 30లోపు మొదలయ్యే సోలార్, విండ్ ప్రాజెక్టులకు అంతర్రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ చార్జీల పూర్తి మినహాయింపు ఉండటంతో ఆ గడువుకు ముందు హడావుడి పెరిగింది. లైన్ పూర్తికాని చోట్ల తాత్కాలిక అనుమతితో నడిచే ప్లాంట్లు, మధ్యాహ్నం ఎండ ముదిరిన వేళ ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వస్తోంది.

దీనికి ఒక ఉపశమనంగా సీఈఆర్‌సీ 2025లో మరో సవరణ తెచ్చింది. సోలార్ ప్లాంట్ కోసం కేటాయించిన చోటు రాత్రిపూట ఖాళీగా ఉంటుంది. ఆ వేళల్లో అదే చోటును విండ్, బ్యాటరీ స్టోరేజీ వాడుకునేలా పగటి కనెక్టివిటీ, పగలు కాని వేళల కనెక్టివిటీ అని విడదీశారు. ఉన్న లైన్‌నే పూర్తిగా వాడుకోవడం దీని లక్ష్యం.

తెలుగు రాష్ట్రాల రైతులకు ఇందులో ఏముంది?

కర్నూలులో 1,000 మెగావాట్ల అల్ట్రా మెగా సోలార్ పార్క్ 2017 నుంచి నడుస్తోంది. పిన్నాపురంలో ఎండ, గాలి, పంప్డ్ స్టోరేజీ కలిపిన భారీ ప్రాజెక్టు వచ్చింది. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంట్ 2022లో పూర్తయింది. రాయలసీమ జిల్లాల్లో కొత్త ప్రాజెక్టుల కోసం భూములు అడుగుతూనే ఉన్నారు.

ఇక్కడే గ్రిడ్ రూల్స్‌కూ, రైతు భూమికీ నేరుగా సంబంధం ఉంది.

అంతర్రాష్ట్ర గ్రిడ్‌కు కనెక్టివిటీ కోరే సోలార్, విండ్ కంపెనీ తాను సీరియస్‌గా ఉన్నానని చూపించాలి. దానికి మూడు దారులున్నాయి. కరెంటు కొనుగోలు ఒప్పందం లేదా టెండర్ గెలిచిన పత్రం చూపడం ఒకటి. కావాల్సిన భూమిలో సగానికి యాజమాన్య లేదా లీజు పత్రాలు చూపడం రెండోది. భూమి పత్రాలకు బదులు మెగావాట్‌కు 10 లక్షల రూపాయల చొప్పున బ్యాంక్ గ్యారంటీ ఇవ్వడం మూడోది.

అంటే రైతు సంతకం పెట్టిన లీజు కాగితం కంపెనీకి క్యూలో చోటు సంపాదించే పత్రం కూడా కావచ్చు. కనెక్టివిటీ రాకపోతే, వచ్చి రద్దయితే, లైన్ ఏళ్ల తరబడి ఆలస్యమైతే ప్రాజెక్టు ఆగిపోవచ్చు. అప్పటికి భూమి లీజులో చిక్కుకుని ఉంటుంది.

కాబట్టి సంతకం పెట్టేముందు రైతులు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ప్లాంట్ ఏ సబ్‌స్టేషన్‌కు కలుస్తుంది? కనెక్టివిటీకి దరఖాస్తు మాత్రమే చేశారా, సూత్రప్రాయ అనుమతి వచ్చిందా, తుది అనుమతి వచ్చిందా? లైన్ ఎప్పటికి పూర్తవుతుంది? ప్రాజెక్టు రాకపోయినా కౌలు వస్తుందా? రద్దయితే భూమి ఎన్నాళ్లలో తిరిగి చేతికి వస్తుంది?

అంతర్రాష్ట్ర దరఖాస్తుల వివరాలు, వాటి మీద జరిగిన సమావేశాల మినిట్స్‌ను సెంట్రల్ ట్రాన్స్‌మిషన్ యుటిలిటీ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఇంగ్లిష్‌లో, సాంకేతిక భాషలో ఉంటాయి గానీ అందరికీ అందుబాటులో ఉన్నవే. కంపెనీ పేరు, సబ్‌స్టేషన్ పేరు తెలిస్తే ఊళ్లో చదువుకున్న పిల్లలు వెతికిపెట్టగలరు.

ఇంకా తేలాల్సింది ఏంటి?

కరెంటు బిల్లు కట్టే ప్రతి ఒక్కరికీ ఈ పరీక్షలతో సంబంధం ఉంది. పరీక్ష వదులుగా ఉంటే బ్లాకౌట్ ముప్పు. మరీ నెమ్మదిగా ఉంటే చవక కరెంటు రావడం ఆలస్యం. అవసరం లేని లైన్లు వేస్తే ట్రాన్స్‌మిషన్ చార్జీల రూపంలో బిల్లులో భారం.

దీన్ని సరిచూడటానికి నియంత్రణ సంస్థల చేతిలో ఒక ఆధారం ఉంది. గ్రిడ్‌లో చిన్నా పెద్దా లోపాలు తరచూ వస్తూనే ఉంటాయి. అలా వచ్చినప్పుడల్లా ప్రతి ప్లాంట్ ఎలా స్పందించిందో సబ్‌స్టేషన్లలోని రికార్డర్లు మిల్లీ సెకన్లతో సహా నమోదు చేస్తాయి. ఆ రికార్డును, అనుమతి కోసం ప్లాంట్ ఇచ్చిన మోడల్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది.

సౌత్ ఆస్ట్రేలియాలో ఆ తేడా రాష్ట్రమంతా చీకటైన తర్వాత బయటపడింది. రాజస్థాన్‌లో ఉత్పత్తి పడిపోయినా గ్రిడ్ నిలబడింది కాబట్టి సరిదిద్దుకునే సమయం దొరికింది. ఇక ముందు వచ్చే ప్లాంట్ల విషయంలో, ఐదేళ్లకోసారి జరగాల్సిన పరీక్షలు నిజంగా జరుగుతున్నాయా, తేడా కనిపించిన ప్లాంట్‌ను సరిచేసేదాకా ఉత్పత్తి తగ్గించమంటున్నారా అన్నదే అసలు ప్రశ్న. నిబంధన పుస్తకంలో ఉన్నంత మాత్రాన లైన్ మీద పనిచేయదు.